గొలుసుల చాటు గొంతు

మగవాడు బంగారం పెట్టుకుంటే మనకెందుకో నవ్వొస్తుంది. వేలికి పెళ్ళినాటి ఉంగరం, మెడలో సన్నని గొలుసు... అంతవరకూ ఒప్పుకుంటాం. రెండో గొలుసు కనబడిందా, "ఏం వ్యాపారం చేస్తాడో!" అంటాం. దానికి తోడు వేలివేలికీ ఉంగరం, చేతికి లావుపాటి బ్రేస్‌లెట్ ఉన్నాయనుకోండి, ఇక ఆ మనిషి ఏం మాట్లాడినా మన చెవికెక్కదు. కళ్ళు ఉంగరాలు లెక్కపెట్టే పనిలో పడతాయి.

మన వారపత్రికల నవలలు కూడా ఇందుకు తగ్గట్టే నడిచాయి. డెబ్బయిల నాటి సీరియల్ కథానాయకుణ్ణి ఒకసారి తలుచుకోండి. పొడగరి. మితభాషి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, వాకిట్లో కారు. ఒంటినిండా గొలుసులేసుకుని వచ్చినవాడు ఆ కథలో కాంట్రాక్టరో, కథానాయికను సతాయించే మేనబావో అయి ఉంటాడు. ఆభరణం ఆడదానికి అందం, మగవాడికి అనుమానం. ఈ లెక్క మనకు అలా అలవాటైపోయింది.

సంగీత దర్శకుడు, గాయకుడు చక్రి ఈ లెక్కకు బలైపోయిన మనిషని నా అభిప్రాయం.

మా నెల్లికుదురు వాళ్ళకు మానుకోట అంటే బజారు, రైలు, ఆస్పత్రి, సినిమా... అన్నీ అదే. మహబూబాబాద్ అని కాగితాల్లో రాస్తాంగానీ నోటికొచ్చేది మానుకోటే. ఆ మానుకోట పక్కనే కంబాలపల్లి. 1974 జూన్ 15న గిల్లా చక్రధర్ అక్కడ పుట్టాడు. అప్పటికది వరంగల్లు జిల్లా. మహబూబాబాద్ జిల్లా అయింది 2016లో. అది చూడటానికి ఆయన లేడు. 2014 డిసెంబరు 15న, నలభయ్యో ఏట, గుండెపోటుతో హైదరాబాదులో పోయాడు. 2000లో 'బాచి'తో మొదలైన సినిమా జీవితం మొత్తం కలిపి పద్నాలుగేళ్ళు.

ఆ పద్నాలుగేళ్ళూ ఆయన్ను జనం విన్నదానికంటే చూసిందే ఎక్కువేమో అనిపిస్తుంది. భారీ మనిషి. మెడలో గొలుసులు, చేతి నిండా ఉంగరాలు, మెరిసే చొక్కాలు. పాటల వేడుకలో వేదిక మీద నిలబడితే పక్కనున్న హీరో కూడా ఒక్కోసారి సాదాగా కనిపించేవాడు. మా ఊళ్ళో ఒక పెద్దమ్మ టీవీలో ఆయన్ను చూసి అన్న మాట నేను మరిచిపోలేను. "గంత బంగారం మోసుకుంట తిరిగేటోనికి గింత మెత్తటి పాట ఎట్ల వస్తదే బిడ్డా?" అంది. పత్రికల వాళ్ళు ఎందరు ఎన్ని రాసినా ఇంతకంటే సూటి ప్రశ్న వేయలేదు. దానికి జవాబు వెతకటమే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

ముందు బంగారం సంగతి చూద్దాం. ఈ వేషం చక్రి ఒక్కడే కనిపెట్టింది కాదు. అమెరికాలో మిసిసిపి రాష్ట్రంలోని టుపెలో అనే చిన్న ఊళ్ళో, పేద ఇంట్లో పుట్టిన ఎల్విస్ ప్రెస్లీ 1957లో బంగారు జిలుగుల సూటు తొడుక్కుని వేదికెక్కాడు. ఆ ఎల్విస్ మెడలో గొలుసు చూసే తనకు బంగారం మీద మోజు పుట్టిందని బప్పీ లహరి చెప్పుకునేవాడు. మన వాళ్ళకు బప్పీ లహరి కొత్తవాడేం కాదు. 1986లో 'సింహాసనం', 1991లో 'గ్యాంగ్ లీడర్' ఆయనవే. ఇక జాంజిబార్‌లో పార్సీ ఇంట్లో ఫరూఖ్ బుల్సారాగా పుట్టి, మన పంచగనిలో చదువుకుని, లండన్ చేరి ఫ్రెడ్డీ మెర్క్యురీ అయిన రాక్ గాయకుడున్నాడు. 1986లో తన చివరి పర్యటనలో కిరీటం పెట్టుకుని, రాజుగారి అంగీ వేసుకుని మరీ జనానికి దండం పెట్టాడు.

వీళ్ళలో ఎవరూ పుట్టుకతో రాజధాని మనుషులు కారు. ఎక్కడో అంచున పుట్టి నడిమధ్యకు వచ్చినవాళ్ళు. అలా వచ్చినవాణ్ణి ఊరు ముందు చూడదు. చూడకపోతే వినదు. కాబట్టి తల తిప్పి చూడక తప్పని వేషం వేస్తారు. అది పొగరని మనం అనుకుంటాం. చాలాసార్లు అది భయం.

అయినా ఇందుకోసం అమెరికా దాకా ఎందుకు? మన దగ్గర చిందు యక్షగానం ఆడేవాళ్ళను చూడండి. కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు బరువుగా ఎత్తుకుని, ముఖానికి రంగు పూసుకుని తెల్లవార్లూ ఆడతారు. ఒగ్గు కథ చెప్పేవాళ్ళు కాళ్ళకు గజ్జెలు లేకుండా బరిలోకి దిగరు. వాళ్ళను చూసి "ఎందుకమ్మా ఈ ఆర్భాటం" అని ఎవరమూ అనం. వేషం కడితేనే కథ నిలుస్తుందని మనకు తెలుసు. అదే మనిషి మైకు ముందు నిలబడి సినిమా పాట పాడితే మాత్రం గొలుసులు తీసేసి రమ్మంటాం!

సరే, వేషాన్ని ఒప్పుకున్నాం. పాట మాటేమిటి?

పేరు తెచ్చినవి పూరి జగన్నాథ్ సినిమాలు. 'బాచి' తర్వాత 2001లో 'ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం', 2002లో 'ఇడియట్', 2003లో 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి', 'శివమణి', 2007లో 'దేశముదురు'. గిటారు ఒక్కసారి విసిరినట్టు మోగటం, వెనకాల డ్రమ్ము గుండె కొట్టుకున్నట్టు తొందరపెట్టడం. కాలేజీ కుర్రాళ్ళ నడకే మార్చేశాయి ఆ పాటలు. అందులో హుషారుంది, కాదనను. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. 'ఇడియట్'లో కథానాయకుడు చంటి, అమ్మాయి వద్దంటున్నా వెంటపడతాడు. ఆ వెంటపడటం మనకు ముచ్చటగా అనిపించిందంటే అందులో సగం పాపం పాటలది. బస్టాండులో మన పిల్లల్ని అలాగే సతాయించే కుర్రాడి నోట్లో ఈల అయి తిరిగిన బాణీలవి. బాణీ కట్టినవాడికీ బాధ్యత ఉంటుంది. చక్రిని ఇష్టపడేవాళ్ళు ఈ మాట దాటవేయటం నాకు నచ్చదు.

ఇంకో మాట కూడా. అడిగినవాళ్ళకల్లా చేశాడు. ఒక ఏడాది కట్టిన బాణీకి మరుసటి ఏడాది చొక్కా మార్చి పంపిన సందర్భాలున్నాయి. వరసగా నాలుగైదు సినిమాల పాటలు వింటే ఏది ఏ సినిమాదో పోల్చుకోవటం కష్టం. గొలుసు మీద గొలుసు వేసుకున్నట్టే పాట మీద పాట వేసుకుంటూ పోయాడు.

కానీ ఇదే మనిషి దగ్గర ఇంకో గది ఉంది. దాని తలుపు తీసినవాడు దర్శకుడు వంశీ.

వంశీ అంటే మనకు 'సితార', 'అన్వేషణ', 'లేడీస్ టైలర్', వాటి వెనకాల ఇళయరాజా. ఆ పాటలు విని పెరిగిన చెవులున్న ప్రేక్షకుల ముందు, 2002లో, 'అవును వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు' సినిమాకు చక్రి కూర్చున్నాడు. ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి! అక్కడ డ్రమ్ము తగ్గింది. వేణువు, వయొలిన్, నెమ్మదిగా సాగే స్త్రీ గొంతు వచ్చాయి. ఆ సినిమా కథ మీకు గుర్తుండే ఉంటుంది. ఒకే ఇంటిని పగలు ఒకరు, రాత్రి ఒకరు వాడుకుంటారు. తనతోపాటు అద్దె కట్టే మనిషి ఎవరో వాళ్ళకు తెలియదు. రాతల్లోనే పోట్లాట, రాతల్లోనే పరిచయం.

ఏడేళ్ళ తర్వాత, 2009లో, మళ్ళీ వంశీతోనే 'గోపి గోపిక గోదావరి'. ఇందులో అబ్బాయి ఆర్కెస్ట్రాలో పాటలు పాడేవాడు. అమ్మాయి గోదావరి మీద పడవలో తిరుగుతూ పల్లెలకు వైద్యం చేసే డాక్టరు. వీళ్ళ ప్రేమ నడిచేది ఫోనులో. ఆ సినిమాలో అందరికీ గుర్తుండిపోయిన యుగళగీతాన్ని కౌసల్యతో కలిసి చక్రి తనే పాడాడు.

ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మా పెద్దమ్మ ప్రశ్నకు జవాబు దొరికినట్టనిపించింది. రెండింట్లోనూ ప్రేమించినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఒకచోట చేతిరాత, ఒకచోట గొంతు, అంతే. నలుగురూ ఎగాదిగా చూసే మనిషి, ఒళ్ళు గురించీ ఒంటిమీద నగల గురించీ అందరూ మాట్లాడే మనిషి... చూపు అనేదే అవసరం లేని చోట ఎంత తేలికగా ఊపిరి పీల్చుకున్నాడో ఆ పాటలు చెబుతాయి. ఆ యుగళగీతంలో ఆయన గొంతు వినండి. శాస్త్రీయంగా సానబట్టిన గొంతు కాదు. కొంచెం బొంగురు, కొంచెం ముక్కు. పై స్థాయికి వెళ్ళినప్పుడు కాస్త ఆయాసం. కానీ నటించదు. అవతలి గొంతు పలికేదాకా ఆగుతుంది. ఆమె పాడుతున్నప్పుడు ఆమెను పాడనిస్తుంది. పురుషుడి గొంతు అలా కాచుకుని ఉండటం మన సినిమా పాటల్లో ఎంత అరుదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

కౌసల్య సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బొంబాయి నుంచి గొంతులు విమానంలో దిగి, మన 'ళ'ను 'ల' చేసి, సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోతున్న రోజులవి. చక్రి తెలుగు పలికే అమ్మాయి చేత ఒక సినిమా కాదు, వరసగా ఎన్నో సినిమాల్లో పాడించాడు. 'బాచి'లో రఘు కుంచె చేత పాడించిందీ ఆయనే. తన గొంతు లోపాలు తెలిసినవాడు కాబట్టే కాబోలు, ఇతరుల గొంతులో కొత్తదనాన్ని లోపమనుకోలేదు.

2010లో 'సింహా'కు నంది అవార్డు వచ్చింది. నన్నడిగితే అంతకంటే పెద్ద పరీక్ష ఆ మరుసటి ఏడు ఎదురైంది. 2011లో ఎన్. శంకర్ తీసిన 'జై బోలో తెలంగాణ'కు సంగీతం చక్రి. అందులో గద్దర్ తనే పాడి, తెరమీద ఆడాడు. భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర. ఒకరిది గొంగడి, ఇంకొకరిది బంగారం. చూసేవాళ్ళకు ఇంతకంటే ఎడం ఉండదు. కానీ ఆలోచిస్తే ఇద్దరిదీ వేషమే. గొంగడిని మనం నిజమన్నాం, బంగారాన్ని డాబు అన్నాం. గద్దర్ తన వెనకున్న జనాన్ని ఒంటిమీద వేసుకున్నాడు. చక్రి తను చేరాలనుకున్న చోటును ఒంటిమీద వేసుకున్నాడు. ఆ పాట దగ్గర సంగీత దర్శకుడిగా చక్రి చేసిన మంచి పని, పక్కకు తప్పుకోవటం. గద్దర్ గొంతు మీద తన వాయిద్యాలు కుప్పపోయలేదు. తన గొలుసులు బయట విడిచి వచ్చినట్టే అనిపిస్తుంది.

నలభై ఏళ్ళకే పోవటం మాత్రం మనసును కలచే సంగతి. ఎల్విస్ నలభై రెండుకు పోయాడు, ఫ్రెడ్డీ నలభై అయిదుకు. కారణాలు వేరు వేరు. కానీ వేదిక మీద నిండుగా కనిపించే మనిషికి ఒంట్లో బాగుండకపోవచ్చునని మనకు తోచదు. లావు గురించి జోకులు వేస్తాం, ఉంగరాల గురించి వేస్తాం. "తిన్నావా, నిద్రపోయావా, డాక్టరుకు చూపించుకున్నావా?" అని ఇంట్లో పిల్లవాణ్ణి అడిగినట్టు ఎవరూ అడగరు. చక్రి వదిలిపోయినవాటిలో నాసిరకం పాటలు చాలా ఉన్నాయి. వాటిని కాలం ఎటూ వడపోస్తుంది. మిగిలే పదిహేనో ఇరవయ్యో ఉన్నాయి చూశారూ, అవి ఏ పెద్ద సంగీత దర్శకుడి పేటికలో పెట్టినా వెలవెలబోవు.

ఒక చిన్న పని చేయండి. ఈసారి 'గోపి గోపిక గోదావరి' టీవీలో వస్తే ముందు గదిలో కూర్చోకండి. టీవీ అక్కడే మోగనిచ్చి మీరు వంటింట్లో కూర తరుక్కుంటూ వినండి. గొలుసులూ కనబడవు, హీరో కనబడడు, గోదావరీ కనబడదు. మానుకోట పక్క పల్లె కుర్రవాడొకడు, అవతలి మనిషి పలికేదాకా ఓపిగ్గా ఆగి, తన వంతు రాగానే పాడతాడు.