చూరున పెద్ద రాయి, కొప్పున చిన్న రాయి

ఇంగ్లండ్‌లో కాట్స్‌వోల్డ్స్ కొండసీమ మధ్య, కోల్న్ నది ఒడ్డున బైబరీ అనే చిన్న ఊరుంది. అక్కడి ఆర్లింగ్టన్ రో అనే రాతి ఇళ్ల వరసను చూసినవాళ్లంతా గోడల తేనెరంగును మెచ్చుకుంటారు. నిజమే, ఆ సున్నపురాయి అందమైనదే. దగ్గరికెళ్లి చూస్తే చేపగుడ్లు అతికించినట్టు సన్నటి గుండ్రటి రేణువులు కనిపిస్తాయి. కానీ అసలు పనితనం చూడాలంటే తల పైకెత్తాలి.

ఆ కప్పంతా రాతి పలకలే. చూరు దగ్గర పలకలు పెద్దవి. పైకి పోయేకొద్దీ వరస వరసకూ తగ్గుతూ ఇంటి కొప్పు చేరేసరికి చిన్నవైపోతాయి. కంటికి ఇంపుగా ఉంటుందని మాత్రమే అలా పేర్చలేదు. ఎంత వానొచ్చినా కొప్పు దగ్గర పారేది కాస్త నీరే. జారేకొద్దీ పైనీరంతా కలిసి చూరు దగ్గర ధార కడుతుంది. అందుకే అక్కడ పెద్ద పలకలు: అతుకులు తక్కువ, నీరు దూరే సందులూ తక్కువ. ఏ రెండు పలకల సందైనా కింది పలక నడుమ మీదికే రావాలి. రాయి గరుకు కాబట్టి నీరు నిలవకుండా వాలు బాగా నిటారుగా పెట్టారు.

ప్రతి పలక తలదగ్గర ఒక రంధ్రం. అందులో ఓక్ కొయ్యమేకు బిగించి, చొక్కాను కొక్కేనికి తగిలించినట్టు అడ్డబద్దకు తగిలించడమే పాత పద్ధతి. తక్కినది పలక బరువే చూసుకుంటుంది.

ఈ సీమలో పేరున్న కప్పురాయిని చీల్చింది ఉలి కాదు, చలి. తవ్వితీసిన రాళ్లను ఆరిపోనివ్వకుండా తడిపి, చలికాలంలో ఆరుబయట పరిచేవారు. పొరల్లోని నీరు గడ్డకట్టి ఉబ్బితే రాయి పలకలుగా విచ్చుకునేది. నీరు గడ్డకట్టేంత చలి రాని ఏడు పని సాగేది కాదు. ఇక పలకలు పేర్చడంలో, రెండు వాలులు కలిసే మూల మరీ కష్టం. సీసపు రేకు వేయకుండా, పలకలనే కోసుగా చెక్కి వంపు తిప్పడం ఇక్కడి మేస్త్రీల విద్య. నా లెక్కన కాట్స్‌వోల్డ్స్ పనితనానికి అదే శిఖరం.

ఈ ఇళ్ల వరసను 1380 ప్రాంతంలో మఠంవాళ్లు ఉన్ని నిలవ చేయడానికి కట్టారు. 17వ శతాబ్దంలో అది నేతగాళ్ల ఇళ్లుగా మారింది. వాళ్లు నేసిన బట్టను ఆర్లింగ్టన్ మిల్లులో శుభ్రం చేసి, ఎదుటి ర్యాక్ ఐల్ తడినేలలో చట్రాలకు కట్టి ఆరబెట్టేవారు.

ఇప్పుడు ఈ ఇళ్లను నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది. ఆ గడపల్లో మనుషులు కాపురముంటున్నారు. ఎప్పుడైనా వెళ్తే కిటికీల్లోకి తొంగిచూడకండి. కాస్త దూరంగా నిలబడి, చూరు నుంచి కొప్పుదాకా వరసలు లెక్కపెట్టండి.