పదికి ఎంత అని అడిగితే

గురజాల దగ్గర ఒక ఊళ్లో, నా పరిశోధన కోసం, ఒకామెతో మూడు గంటలు మాట్లాడాను. పార్టీ కక్షల్లో ఆమె భర్తను ఇంటి వాకిట్లోనే నరికారు. ఆమె చెప్పింది, నేను రికార్డు చేశాను. థీసిస్‌లో అదొక అధ్యాయమైంది. తర్వాత కలిసినప్పుడు, "నువ్వు పోయినాక నెల రోజులు నిద్ర లేదమ్మాయ్, మళ్లీ అదంతా కళ్ల ముందే" అంది. నాకు డాక్టరేట్ వచ్చింది. ఆమెకేమొచ్చింది?

ఆ గిల్టుతోనే కంటి కదలికల చికిత్స చేసే థెరపిస్టుల కోసం రాసిన పుస్తకాలు, ప్రశ్నావళులు చదవడం మొదలుపెట్టాను. వైద్యురాలిని కాను, సాహిత్య విద్యార్థిగా వాటిని పాఠ్యాలుగానే చదివాను. ఇ.ఎం.డి.ఆర్. అని పిలిచే ఈ పద్ధతిపై అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రాన్సిన్ షపీరో తొలి అధ్యయనం 1989లో వచ్చింది. వెంటాడే దృశ్యాన్ని మనసులో ఉంచుకుని థెరపిస్టు వేళ్ల కదలికను కళ్లతో వెంబడించాలి. మేలు చేసేది కళ్ల కదలికేనా అన్న వాదన ఇంకా తెగలేదు. అయినా 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేసింది.

నన్ను ఆపేసింది అది కాదు. ఇందులో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పనక్కర్లేదు. ఒక్కో విడత తర్వాత "ఇప్పుడేం తోస్తోంది?" అని అడుగుతారు, ఒక ముక్క చెప్తే చాలు. మనమేమో గొంతు విప్పడమే విముక్తి అని నమ్మినవాళ్లం. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నాలాంటి ఎందరికో దారి చూపింది. ఆ పుస్తకం మీద నా గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. కానీ చరిత్రకు కావలసిన మాటా, చెప్పే మనిషికి కావలసిన మాటా ఒకటేనా? తల్చుకుంటే తగ్గేదైతే మా పల్నాట్లో ఎప్పుడో తగ్గాలి. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలుపెట్టి అయిదు రోజులు, రాచగావు నుంచి కల్లిపాడు దాకా, ఆ యుద్ధాన్ని తల్చుకుంటూనే ఉన్నాం.

ఇక ఆ సాధనాల భాష. మెరిలిన్ లూబర్ సంపాదకత్వంలో 2009లో వచ్చిన సంకలనంలో థెరపిస్టు ఏ వాక్యం తర్వాత ఏ వాక్యం పలకాలో రాసి ఉంటుంది. ఆ రకం ప్రశ్నల్ని ఆమె వాంగ్మూలం పక్కన పెట్టుకుని చదివాను. "ఆ దృశ్యం తల్చుకుంటే నీ గురించి నీకేమనిపిస్తోంది?" జవాబు 'నేను'తో మొదలవ్వాలి: నేను నిస్సహాయురాలిని, తప్పు నాదే, ఇలా. ఆమె మూడు గంటల్లో అలాంటి వాక్యం ఒక్కటీ లేదు. "నా పసుపు కుంకుమల బలం అంతే" అంది. తొందరపడే థెరపిస్టు దీన్ని కర్మవాదమని రాసుకుంటాడు. కాస్త ఆగి వింటే, ఆ తర్వాతి మాట "ఆ పొద్దు వాకిట్లోకి పోనీకుండా పట్టుకుంటే పోయేది". అడుగుతున్న వాక్యం అక్కడుంది, 'నేను' లేకుండా.

బాధను సున్నా నుంచి పది దాకా కొలవమంటారు. మన వైపు 'రూపాయికి పావలా వంతు తగ్గింది' అంటారు. అనువాదకులకు ఇంతకంటే మంచి కొలమానం ఎక్కడ దొరుకుతుంది? దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మార్చేస్తే సరిపోతుంది.

మార్చేస్తే సరిపోనిది 'క్షేమమైన చోటు'. జ్ఞాపకం జోలికి వెళ్లేముందే, మనసు నెమ్మదించే ఒక చోటును ఊహించుకోమంటారు. ఇల్లే హత్యాస్థలమైన మనిషికి ఏ చోటు? వాంగ్మూలం మళ్లీ విన్నాను. ఒక్కచోట ఆమె గొంతు తేలికపడింది: మిరప కల్లంలో నలుగురు ఆడవాళ్లతో కూర్చుని తాలు కాయలు ఏరే రోజుల గురించి. థీసిస్‌లో దాన్ని విషయాంతరమని నేనే కొట్టేశాను.

ఇంకోటి కూడా ఉంది. ఈ చికిత్స గతాన్ని గతంలో పెట్టడానికి. కేసు కొట్టేశారు, నరికినవాళ్లు వీధి చివరే ఉంటారు. పంపు దగ్గర రోజూ ఎదురుపడతారు. ఆమె భయం జ్ఞాపకం కాదు, సమాచారం. షపీరో పద్ధతిలోని ఎనిమిది దశల్లో మొదటిది మనిషి పూర్వాపరాలు తెలుసుకోవడం. నిజాయితీగల థెరపిస్టు బహుశా అక్కడే ఆగి, కళ్ల కదలిక కంటే ముందు వకీలు సంగతి అడగాల్సి ఉంటుంది. నేను చూసిన ఏ ప్రశ్నావళిలోనూ వీధి చివర ఎవరుంటారన్న ప్రశ్న లేదు. నా ప్రశ్నావళిలోనూ లేదు.