గాలివానలో ధర్మాధర్మాలు

మనుగడయే ప్రశ్నగా నిలిచిన కథలలో పాఠకుని మనస్సును పట్టి ఉంచేవారు ధర్మమూర్తులు కారు, దుష్టులును కారు. ఒక చేత ప్రాణం నిలిపి మరొక చేత దొంగిలించగలవారే చిరకాలం జ్ఞాపకం ఉండిపోవుదురు. ఈ ఆకర్షణకు కారణమేమి? పాపముపై మనిషికి సహజంగా గల మక్కువయే అని కొందరందురు. అది సులభమైన సమాధానము. కాని చాలినది కాదు.

ప్రశ్న కొత్తది కాదు. మహాభారత శాంతిపర్వంలోని ఆపద్ధర్మ ప్రకరణంలో, ఘోరక్షామ కాలాన విశ్వామిత్రుడు ఒక చండాలుని గుడిసెలో కుక్కమాంసం దొంగిలింపబోవును. విశేషమేమనగా, అక్కడ ధర్మం బోధించేవాడు చండాలుడు. బ్రతుకు కొరకు వాదించేవాడు మహర్షి. పాశ్చాత్య సాహిత్యంలో, 1719లో వెలువడిన డెఫో నవలలో, రాబిన్సన్ క్రూసో తనతోపాటు చెర తప్పించుకొని వచ్చిన జూరీ అను బాలుని ఓడ నాయకునికి అమ్మివేయును. ఇరువురును తప్పు చేసినవారే. అయినను విశ్వామిత్రుడు తన పని ఎట్టిదో ఎరిగి దాని బరువును మోయును. క్రూసో కొద్దిపాటి సంకోచంతో బేరము ముగించును. పాఠకుడు మొదటివాని వెంట నడచును. రెండవవానిని చూచి ఉలికిపడును. కావున ఆకర్షణ తప్పులో లేదు, తప్పు చేయువాడు దాని కొరకు చెల్లించే మూల్యములో ఉన్నది.

తెలుగులో ఈ విషయానికి మేటి ఉదాహరణ పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో 1952లో ద్వితీయ బహుమతి పొందిన కథ ఇది. నియమబద్ధంగా జీవితాన్ని తీర్చుకొన్న రావుగారు ఉపన్యాసం కొరకు రైలులో బయలుదేరుదురు. పెట్టెలోనికి వచ్చిన బిచ్చగత్తెను ఆయన చేరనీయరు. తుపాను విరుచుకుపడిన రాత్రి, చిన్న స్టేషనులో, ఆయనకు ధైర్యమిచ్చి కాపాడేది ఆ స్త్రీయే. తెల్లవారిన తరువాత ఆమె శవమై కనిపించును. ఆమె వద్ద రావుగారి పర్సు ఉన్నది. స్టేషనులో టిక్కెట్లు అమ్మగా వచ్చిన సొమ్మును ఉన్నది.

ఈ దొంగతనం ఆమె దయను కొట్టివేయదు. ఆ దయ దొంగతనాన్ని కడిగివేయదు. రచయిత ఈ రెంటిని ఒకే దేహంలో ఉంచి, లెక్క కట్టే పనిని రావుగారికి, ఆయన ద్వారా మనకు, విడిచినాడు. నిజానికి తూకములో నిలిచినది ఆమె కాదు, రావుగారి నియమాలు. అవి గాలి లేనప్పుడు మాత్రమే నిలిచే గోడలని ఆ రాత్రి తేలిపోయినది.

రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'లో ఇట్టి తుపాను లేదు. అక్కడి గుమాస్తా సుబ్బయ్యకు ప్రతిదినమును గాలివానయే. భయమే అతని నేరమునకు మూలము, శిక్షయు. బిచ్చగత్తెను చూచి మనం ఆశ్చర్యపడుదుము. సుబ్బయ్యను చూచి సిగ్గుపడుదుము, ఏలయనగా అతడు మనకు మరీ దగ్గర.

అయితే 'గాలివాన'ను గూర్చి అడుగవలసిన కఠినమైన ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది. ఆమె మరణించినది గనుక క్షమించుట సులభమైనది. ఆమె బ్రతికి, ఆ సొమ్ముతో వేకువనే వెళ్లిపోయి ఉండినచో, రావుగారి కన్నీరు ఎంతసేపు నిలిచెడిది? పాఠకుడు పోలీసులను తలచుకొనకుండునా? మృత్యువు కథకు ముగింపును, పాఠకునికి ఉపశమనమును కలిగించినది. కథకు గల ఏకైక బలహీనత ఇదే కావచ్చును.

ఈ ప్రశ్న ప్రవాసాంధ్రులకు ఎక్కువగా తగులును. 1955 నాటి సోవియట్ ఒప్పందంతో రూపొందిన భిలాయి ఉక్కు కర్మాగారం చుట్టూ వెలసిన పట్టణంలో, సెక్టర్ 4 వంటి చోట, వీథికి అంకె ఉన్నది, క్వార్టరుకు అంకె ఉన్నది, పనివేళకు షిఫ్టు ఉన్నది. అట్టి ఇంట కూర్చుండి ఈ కథ చదివే తెలుగు పాఠకుడు తనను రావుగారి స్థానంలో ఊహించుకొనుట సహజము. కాని అతని తాతయో తండ్రియో పని వెదకుకొనుచు రైలు దిగిన దినాన ఏ అంకెయు లేనివాడే. నాడు ఎవరి అన్నం తిన్నాడో, ఏ అబద్ధమాడి పని సంపాదించినాడో, ఇంట ఎవరును అడుగరు. అడుగకుండుటయే ఆ కుటుంబం చేసిన క్షమ.

మంచిచెడ్డల నడుమ నిలిచిన పాత్ర గొప్పతనం ఇందులోనే ఉన్నది. అది అధర్మమును సమర్థించదు. తీర్పు చెప్పువాడు ఏ కప్పు క్రింద కూర్చుండి చెప్పుచున్నాడో జ్ఞాపకం చేయును. ఆ జ్ఞాపకం కలిగించలేని రచనలో చీకటి ఎంత ఉన్నను అది రంగు మాత్రమే.