ఒంటికన్ను తమ్ముడు

కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా సారథ్యం వహించిన చందమామ ద్వారానే మనలో చాలామందికి గ్రీకు గాథలు తెలిశాయి. ఒడిస్సీని నేను పాత సంపుటాల్లో ‘రూపధరుడి యాత్రలు’గా చదివాను. అందులో ఒంటికన్ను రాక్షసుడు మనుషుల్ని తినేవాడు. నాయకుడు వాడి కన్ను పొడిచి తప్పించుకుంటే ఊపిరి పీల్చుకున్నాం. వాడు సముద్రదేవుడి కొడుకేనని మూలగాథ చెబుతున్నా, వాడికీ ఒక తోబుట్టువు ఉండవచ్చునని మనకు తట్టలేదు.

అమెరికన్ రచయిత రిక్ రియర్డన్‌కు తట్టింది. ఆయన పెర్సీ జాక్సన్ నవలలు 2005 నుంచి వచ్చాయి. నెల్లూరులో ఇంగ్లీషు మీడియం పిలకాయలు వీటిని ఒకరి దగ్గర ఒకరు అడుక్కుని చదువుతున్నారు. రెండో నవల ‘ది సీ ఆఫ్ మాన్‌స్టర్స్’ (2006)లో, సముద్రదేవుడు పొసైడన్ కొడుకైన పెర్సీ చదివే ప్రైవేటు బడిలో టైసన్ అనే దిక్కులేని పిల్లవాడు ఉంటాడు. సేవా కార్యక్రమం పేరుతో బడి వాణ్ణి చేర్చుకుంది. అందరూ ఏడిపిస్తుంటే పెర్సీ ఒక్కడే వాడి పక్షాన నిలబడతాడు. అలాంటివాడు, టైసన్ ఒంటికన్ను జాతివాడనీ తనకు సవతి తమ్ముడనీ బయటపడగానే మొహం చాటేస్తాడు. జాలిపడినంత సులువుగా చుట్టరికం ఒప్పుకోలేకపోయాడన్నమాట! ఈ సిగ్గును దాచకుండా చిత్రించడం రచయిత సాధించిన విజయమని ఒప్పుకోవాలి.

తర్వాత ఓడ పేలి తమ్ముడు చనిపోయాడనుకుని పెర్సీ కుమిలిపోతాడు, తిరిగొచ్చాక మనసారా తమ్ముడంటాడు. పాఠకుడు తృప్తిపడే ఈ చోటే నాకు అనుమానం మొదలయింది. కథ ముగిసేసరికి టైసన్ ఎక్కడికి పోతాడు? సముద్రం అడుగున తండ్రిగారి కొలిమికి. వాడు చేసిన డాలు అన్న చేతికి వస్తుంది. వాడు సంతోషంగానే పోతాడు, పనంటే వాడికి ప్రాణం, నిజమే. కానీ ఒకే తండ్రి బిడ్డల్లో ఒకడికి సాహసమూ ఇంకొకడికి సమ్మెటా ఎందుకు దక్కాయని నవల అడగదు. ‘ది లాస్ట్ ఒలింపియన్’ (2009)లో సేనాపతిని చేస్తారు గదా అనవచ్చు. చేస్తారు, దేవతలకు అవసరం పడినప్పుడల్లా తన జాతిని యుద్ధానికి నడిపించేందుకు!

మనకిది తెలియని కథేమీ కాదు. దాసికి పుట్టిన విదురుడు అన్నలకు సలహా చెప్పడానికి పనికొచ్చాడు, రాజ్యానికి పనికిరాలేదు. కర్ణుడి శక్తి అర్జునుడి మీద పడకుండా కాచింది హిడింబ కొడుకు ప్రాణమే. చుట్టరికం పిలుపుదాకా వచ్చి పంపకం దగ్గర ఆగిపోతుంది.

మూడో నవల ‘ది టైటన్స్ కర్స్’ (2007)లోని బియాంకా నన్ను ఇంకా కలవరపెట్టింది. పన్నెండేళ్ల పిల్ల. పదేళ్ల తమ్ముడు నికోను సాకే భారమంతా ఆమెదే. ఆర్టెమిస్ వేటగత్తెల్లో చేరే అవకాశం రాగానే చేరిపోతుంది. ఇన్నాళ్లూ తాను వాడికి అక్కగా తప్ప మరొకలా బతకలేదని పెర్సీకి చెప్పుకుంటుంది. పిల్లల పుస్తకంలో ఒక అక్క ఈ మాట అనగలగడం చిన్న విషయం కాదు. మా పట్టపు పాలేల్లో తల్లి చేపల గంపెత్తుకుని అమ్మకానికి పోతే, తమ్ముణ్ణి చంకనేసుకుని బడి గుమ్మంలో నిలబడే ఆడపిల్లల్ని ఎరుగుదును. వాళ్లకు ఆబ్సెంటు వేసిన చేయి నాదే. నావల్ల కాదని వాళ్లలో ఒక్కతె అనగా నేను వినలేదు.

అన్న బియాంకాను రచయిత బతకనివ్వడు. దేవతలు పారేసిన సామాన్ల గుట్టలో ఆమె ఒక చిన్న బొమ్మ తీసుకుంటుంది, నికో ఆటకు అదొక్కటే తక్కువ. దాంతో లోహపు రాక్షసుడు లేస్తాడు. తోటివాళ్లను కాపాడబోయి ఆమె పోతుంది. 2008లో వచ్చిన తర్వాతి నవలలో ఆత్మగా తిరిగొచ్చి చేసే పని కూడా తమ్ముడి పగను చల్లార్చడమే. చచ్చినా ఆ పిల్లకు సెలవు లేదు! తొమ్మిదో తరగతిలో ఈ కథ చెబితే, వెనక బెంచీ పిల్ల ఒకతె, “ఆ బొమ్మేదో వాడే తెచ్చుకోవచ్చు గదా సార్” అంది. మగపిలకాయలు పెద్దగా నవ్వారు.

దీన్ని కేవలం శిల్పలోపమని తోసెయ్యలేం. నాయకుడొక్కడే ఎదగాలనే చట్రంలో తమ్ముడూ అక్కా అతని ఎదుగుదలకు పెట్టుబడి అయిపోతారు. తెలుగులో పిల్లలకు సాహస నవల రాయబోయే మిత్రులు పెర్సీ పడ్డ సిగ్గునూ బియాంకా అన్న మాటనూ వదలకుండా తీసుకోవాలి. ఆపైన కథను కొలిమి దగ్గర్నుంచి మొదలుపెట్టి చూడమంటాను.