నూనె ఊరకుండా దంచిన గింజలు

మందారం కుండీ ఉన్న ఇంట్లోవాళ్లకు పిండినల్లి గురించి కొత్తగా చెప్పేదేమీ ఉండదు. మొగ్గ తొడిమ దగ్గరో, లేత కొమ్మ కణుపులోనో దూది అంటించినట్టు తెల్లగా మొదలవుతుంది. పట్టించుకోకపోతే మొగ్గలు రాలతాయి, చివుళ్లు ముడుచుకుంటాయి, కింది ఆకుల మీద జిగట, ఆ జిగట మీద నల్లటి మసి. అప్పుడు వంటింట్లోకి పరిగెత్తి గిన్నెలు తోమే సబ్బు, వెనిగర్, వంటసోడా, చేతికందినదల్లా కలిపి కొట్టేవాళ్లే ఎక్కువ. పురుగు సంగతేమో గానీ ఆకులు మాత్రం మాడతాయి. ఇంట్లో కలిపినదైనా మందు మందే. అందుకే ఈ పనిని పద్ధతిగా చేసేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది.

మా వీధిలో అందరం పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ మిద్దె మీద తోట పెంచుతారు. ఆవిడ మందు వేపగింజల కషాయం. రైతులు ఐదు శాతం కషాయం అనేది ఇదే: 5 కిలోల గింజల పప్పుకు 100 లీటర్ల నీళ్లు. కుండీలకైతే 50 గ్రాములకు లీటరు. ఈ లెక్క ఎవరైనా చెప్తారు. ఆవిడ దగ్గర చూడాల్సింది చేతిపని.

తొలకరి రోజుల్లో చెట్టు కింద రాలిన వేపపండ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజల్ని నీడలో ఆరబెట్టి గోనెసంచిలో పోస్తారు. ప్లాస్టిక్ డబ్బాలో అయితే చెమ్మ పట్టి బూజొస్తుంది. మూడు నెలలన్నా ఆగితే గానీ సంచి విప్పరు. ఏడాది పాతబడితే ఇక వాడరు. తీసినప్పుడల్లా నాలుగు గింజలు చితక్కొట్టి పప్పు చూస్తారు. పచ్చగా ఉంటే రోట్లోకి, నల్లబడితే చెత్తలోకి.

అసలు నైపుణ్యం దంచడంలో ఉంది. ఇంట్లో మిక్సీ ఉన్నా దీనికి మాత్రం రోలే. పప్పు నలగాలి, కానీ నూనె బయటికి రాకూడదు. నూనె ఊరితే పొడి ముద్దకట్టి లోపలికి నీళ్లు సరిగా దిగవు. పైగా నూనె ఎక్కువైతే లేత ఆకులు మాడతాయి. అందుకని రోకలి ఎత్తి వేయరు, బరువు మాత్రం ఆనిస్తారు. కాసేపు దంచి ఆగుతారు, చిటికెడు పొడి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతారు. వేళ్లకు జిడ్డు తగలబోతోందనగా ఆపేస్తారు. బరకగా మిగిలినా ఫరవాలేదంటారు. రాత్రంతా నానబెట్టేది అందుకే కదా!

పొడిని పాత పంచెముక్కలో మూటకట్టి నీళ్లలో వేస్తారు. మర్నాడు ఆ మూటను ముంచుతూ, పిండుతూ, మళ్లీ ముంచుతూ, పాలరంగు నీళ్లు రావడం తగ్గేదాకా వదలరు. ఆ తర్వాత గుడ్డ రెండు మడతలేసి ఇంకోసారి వడగడతారు. ఈ రెండో వడపోత మానేసినవాళ్లే సగం కుండీలు తడిపాక స్ప్రేయర్ ముక్కు మూసుకుపోయి పిన్నీసుతో పొడుస్తూ కూర్చుంటారు.

పిండినల్లి ఒంటి మీద మైనపు పూత ఉంటుంది, ఉత్త నీళ్లు దాని మీద నిలవవు. అందుకు కుంకుడు రసం కలుపుతారు. ఎంత అంటే చెంచాల లెక్క చెప్పరు. ఆకు మీద ఒక చుక్క వేసి చూస్తారు. గుండ్రంగా నిలబడితే ఇంకాస్త రసం, పలచగా పరుచుకుంటే చాలు. నాకు ఈ చుక్క పరీక్ష ఏ కొలగిన్నె కన్నా నమ్మకంగా కనిపిస్తుంది.

వేపగింజలోని అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగును అక్కడికక్కడ చంపదు. తిండి సయించకుండా చేస్తుంది, కుబుసం విడవనివ్వదు. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఎస్. ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల పొడి కలిపిన నీళ్లు చల్లిన పైరును మిడతల దండు ముట్టలేదు. అయితే ఆ సారం ఎండకు తొందరగా విరిగిపోతుంది. కాబట్టి పెద్దమ్మ పొద్దువాలాకే కొడతారు, ఏ పూటది ఆ పూటే వాడేస్తారు. సీసాలో కొంచెం పోసివ్వమని నేనడిగితే, "గింజలిస్తాను పట్టుకెళ్లమ్మా, నీళ్లివ్వను. రేపటికి పస ఉండదు" అన్నారు. ఇదివరకు కొట్టే పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం మాత్రం మానేశారు. పక్కింటివాళ్లు దగ్గుతున్నారట.

గట్టిగా పట్టిన పిండినల్లికి ఈ కషాయం ఒక్కటే చాలదని ఆవిడకు తెలుసు. ముందు పాత టూత్‌బ్రష్ తడిపి కణుపులు తోముతారు, మరీ పాడైన కొమ్మను కత్తిరించి సంచిలో వేసి మూతికడతారు. పురుగు విసర్జించే తీపి జిగట కోసం చీమలు కాపలా కాస్తాయి గనక కుండీ స్టాండు కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెడతారు. కొత్త మొక్కయితే ఒక్క ఆకుకే కొట్టి మర్నాడు చూస్తారు. కొట్టేటప్పుడు ఎడమచేత్తో ఆకును వెల్లకిలా తిప్పి పట్టుకుని, ఈనెల వెంట తుంపర పడేలా కింది కొమ్మ నుంచి పైకి వస్తారు. ఆకు పైభాగం ఆఖర్న. వారం తిరిగాక రెండో విడత తప్పనిసరి, ఎందుకంటే దూదిలాంటి తెల్లటి సంచిలో దాగిన పురుగు గుడ్లకు మొదటిసారి తడి తగలదు. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని, టార్చి వేసి, కణుపు కణుపూ వెతుకుతారు.