నీటి వాలు తెలిసిన చేతులు

పాత గోల్ఫ్ మైదానాన్ని తిరిగి దిద్దే పనిలో గొప్పతనమంతా కంటికి కనపడని చోట ఉంటుంది. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిలా గోడల నడుమ పరచుకున్న పచ్చికను చూసి మెచ్చుకుంటాం. దాని కింద ఏముందో అడగం.

బంతి గుంటలో పడే చోటును గ్రీన్ అంటారు. అక్కడి గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. అంత పొట్టిగా కోసినా, రోజంతా మనుషులు తొక్కినా అది బతకాలంటే వేర్లకు గాలి ఆడాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఎండిన కాడలు మందంగా పేరుకుంటాయి, మట్టి బిగుసుకుంటుంది, వాన నీరు పైనే నిలుస్తుంది. అప్పుడు తవ్వి మళ్లీ కట్టాలి. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతిలో అడుగున గొట్టాలు, వాటిపై 10 సెంటీమీటర్ల కంకర, ఆపైన 30 సెంటీమీటర్ల ఇసుక. రేణువు సైజు తప్పితే శ్రమంతా వృథా.

యంత్రం తవ్వుతుంది, నిజమే. ఎక్కడ అర అంగుళం దించాలో మాత్రం వానలో నిలబడి నీటి దారి చూసిన మనిషే చెప్పగలడు. రూపశిల్పి గీతకన్నా ఆ చూపుకే నేను ముందు దండం పెడతాను.

మన మైదానాల్లో చాలాచోట్ల పెంచేది గరిక జాతి గడ్డినే. జనగామ చెలకల్లో రైతు పీకిపారేసే గరికే! నీటిని నడిపించే విద్య కూడా ఇక్కడిదే. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువును కాకతీయ రాజు గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించింది. భూపాలపల్లి జిల్లా గణపురం చెరువూ కాకతీయుల నాటిదే. పాత మైదానాన్ని దిద్దినట్టే, 2015లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ కింద పాత చెరువుల్లో పూడిక తీశారు, కట్టలు బలపరిచారు, తూములు, మత్తళ్లు బాగుచేశారు.