1514: అక్కడ బురుజు లేచింది, ఇక్కడ దుర్గం పడింది

లిస్బన్ వెళ్లిన కుర్రకారు మొదట ఎక్కేది 28వ నంబరు ట్రామ్. పసుపుపచ్చటి చిన్న బండి, లోపల చెక్క సీట్లు, రెండు పక్కలా చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో ఇళ్ల గోడలు. ఎత్తు ఎక్కేటప్పుడు మూలుగుతుంది, మలుపులో కిర్రుమంటుంది. యూరప్‌లో ఎమ్మెస్ చదువుతున్న నెల్లూరు వైపు ఆత్మకూరు కుర్రవాడొకడు సెలవుల్లో స్నేహితులతో కలిసి పోర్చుగల్ రాజధానికి వెళ్లినప్పుడు అతని సరదా కూడా ఆ బండిలోనే మొదలైంది. కిటికీ పక్క సీటు కోసం తోపులాట, ఆల్ఫామా పేటలో దిగి ఆరేసిన బట్టల కింద నుంచి సందులు పట్టుకుని పోవడం, సెయింట్ జార్జ్ కోట గోడ మీద మోచేతులు ఆనించి టేగస్ నదిని చూస్తూ కేకలు పెట్టడం... ఒక పూటంతా ఇదే పని.

లిస్బన్‌కు ఏడు కొండల ఊరని పేరు. ఎటు పోయినా మెట్లే. స్నేహితులు ఆయాసపడి మధ్యలో కూర్చుంటే మనవాడు మాత్రం ముందు నడిచాడు. ఉదయగిరిలో అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడల్లా దుర్గం కొండెక్కి దిగిన కాళ్లు అవి!

మధ్యాహ్నం బెలెం పేటకు చేరారు. అక్కడ 1837 నుంచి నడుస్తున్న మిఠాయి అంగడి ఒకటుంది. గుడ్డు సొన, పాలు, చక్కెర కలిపి, పొరలు పొరలుగా విడిపోయే పిండి గిన్నెలో పోసి, పైన నల్లమచ్చలు పడేదాకా కాలుస్తారు. దాల్చినచెక్క పొడి చల్లుకుని వేడివేడిగా తినాలి. ఒక్కొక్కటి చాలనుకుని కొన్నవాళ్లు మళ్లీ వరసలో నిలబడ్డారు. అంగడి ముందు ఫోటోలు, నది ఒడ్డున ఫోటోలు, ట్రామ్ తీగల కింద ఫోటోలు.

ఇలాంటి తిరుగుడును పెద్దవాళ్లు కొంచెం చులకనగా చూస్తారు. అంత దూరం పోయి ఏం తెలుసుకున్నావంటే మిఠాయి పేరు చెబుతాడేమిటని విసుక్కుంటారు. ఆ విసుగు న్యాయం కాదు. కొత్త ఊరు మీద ప్రేమ పుట్టేది తిండి దగ్గర, నవ్వుల దగ్గరే. అక్కడ పుట్టాక దాన్ని ఎటు నడిపించాలన్నదే ఆలోచించాల్సిన సంగతి. ఊరు చూడటం ఒక విద్య. వీణలాగా దానికీ సాధన ఉంది.

తెలుగువాళ్లలో ఈ విద్య తెలిసినవాళ్లకు కొదవలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఏ మజిలీలో బస దొరుకుతుంది, నీళ్లు ఎలా ఉన్నాయి, బాట ఎలాంటిది, అంగట్లో ఏ సరుకులు ఉన్నాయి అన్నీ రాసుకున్నారు. 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అచ్చయింది. ఇంగ్లండు చూసివచ్చిన పోతం జానకమ్మ రాసిన పుస్తకం ఇంగ్లీషులోకి మారి 1876లో మద్రాసులో వెలువడింది. ఒక తెలుగు ఇల్లాలు తన కళ్లతో లండన్‌ను చూసి, చూసింది తన వాళ్లకు చెప్పాలనుకుంది. వాళ్లిద్దరి చేతుల్లో కెమెరా లేదు. అయినా కనిపించినదాన్ని తమ ఊరితో పోల్చి చూసుకునే అలవాటు ఉంది.

బెలెంలో మన కుర్రవాడికి ఆ అలవాటు అంటించింది వాళ్ల తాత.

నది అంచున తెల్లరాతి బురుజు. ఓడలు లిస్బన్‌లోకి వచ్చే దారిని కాపలా కాయడానికి కట్టింది. దాని నడుము చుట్టూ రాతితోనే మోకు చెక్కారు. పురిపెట్టిన పేటలు, అక్కడక్కడా ముళ్లు, దగ్గరికి వెళ్తే తప్ప రాయని నమ్మలేం. కుర్రవాడు ఆ ముడి మీదికి ఫోన్ తిప్పి ఉదయగిరికి వీడియో కాల్ చేశాడు. అవతల తాత, బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి.

"ఏందబ్బయా అది, మన దుర్గం మాదిరి కోటా?"

"దుర్గమే పెద్దది తాతా. ఇది ఏటి ఒడ్డున ఒక్క బురుజు, అంతే."

"ఎప్పుడు కట్టారంట?"

"1514లో మొదలుపెట్టారని రాసుండాది."

"ఒరే! రాయలవారు మన దుర్గం పట్టిన ఏడాదే గదరా అది!"

ఆ మాటతో అతని ఆ రోజు తిరుగుడు తీరే మారిపోయింది. అంతవరకూ బురుజు ఫోటోకు వెనక నిలబడే గోడ. ఇప్పుడు దానికీ అమ్మమ్మ ఊరికీ ఒక సంవత్సరం ఉమ్మడి ఆస్తి అయింది. లిస్బన్‌లో మాన్యుయెల్ రాజు పునాది రాళ్లు పేర్పిస్తున్నప్పుడు, ఉదయగిరి కొండ చుట్టూ శ్రీకృష్ణదేవరాయల సైన్యం దిగి ఉంది. గజపతుల చేతిలో ఉన్న ఆ కోట 1514 జూన్‌లో లొంగింది. గజపతికి బంధువైన తిరుమల రౌతరాయలు బందీ అయ్యాడు. జులైలో రాయలు దేవేరులతో తిరుమలకు వెళ్లి కానుకలు సమర్పించినట్టు అక్కడి శాసనాలు చెబుతున్నాయి.

ఈ ముట్టడి గురించి కాస్త వివరంగా రాసిపెట్టిన విదేశీయుడు కూడా పోర్చుగల్ వాడే. ఫెర్నావో నూనిజ్ అనే గుర్రాల వర్తకుడు 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. రాయలు ఏడాదిన్నర పాటు ఉదయగిరి కింద మకాం వేశాడని, కొండరాళ్లు పగలగొట్టించి సైనికులు బురుజుల దాకా పోయేందుకు దారులు వేయించాడని, లోపల 10,000 మంది కాల్బలం, 400 గుర్రాలు ఉండేవని అతని రాత. లెక్కల్లో హెచ్చుతగ్గులు ఉండొచ్చు. దుర్గం కొండ ఎక్కినవాళ్లకు మాత్రం ఆ రాళ్లు పగలగొట్టడమంటే ఎంత పనో వెంటనే అర్థమవుతుంది. ఆ రాతప్రతి ప్యారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉండిపోతే, డేవిడ్ లోపెస్ 1897లో లిస్బన్‌లో అచ్చు వేయించాడు. రాబర్ట్ స్యూయెల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1900లో తన విజయనగర చరిత్రలో చేర్చాడు. ఉదయగిరి ముట్టడి కథ మనకు ప్యారిస్, లిస్బన్ తిరిగి చేరింది.

అదే బురుజులో ఇంకొకటి వెతకమని గైడు చెప్పాడు. మూలన ఉన్న చిన్న కాపలా గూడు అడుగున ఒక జంతువు తల. అయిదు వందల ఏళ్ల గాలికి, ఉప్పుకు అరిగిపోయింది. మెడ రిక్కించి చూస్తే ఖడ్గమృగం. గుజరాత్ సుల్తాన్ రెండో ముజఫర్ షా గోవాలోని పోర్చుగీసు అధికారి అల్బుకెర్క్‌కు ఇచ్చిన జంతువు అది. 1515 జనవరిలో గోవాలో ఓడెక్కి మే 20న లిస్బన్‌లో దిగింది. రాజు దాన్ని ఏనుగుతో పోటీకి నిలబెడితే, ఏనుగే జడిసి పరుగు తీసిందట. జర్మనీలో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ ఆ మృగాన్ని కంటితో చూడకుండానే, ఒక ఉత్తరమూ ఒక చిత్తుబొమ్మా ఆధారంగా చెక్క అచ్చులో దిద్దాడు. వీపు మీద లేని కొమ్ము ఒకటి కూడా పెట్టాడు. యూరప్ చాలాకాలం ఆ బొమ్మనే నమ్మింది.

ఖడ్గమృగం సముద్రం మీద ఉన్న రోజుల్లోనే, 1515 ఫిబ్రవరిలో, ఉదయగిరి నుంచి రాయలు తీసుకెళ్లిన బాలకృష్ణుడు విజయనగరంలో గుడిలో కొలువయ్యాడు. హంపీలో ఇప్పుడు మనం చూసే కృష్ణాలయం ఆ విగ్రహం కోసం కట్టిందే. ఒక మృగం పడమరకు, ఒక దేవుడు హంపీకి: రెండూ రాజుల గొప్ప చాటడానికి జరిగిన ప్రయాణాలు.

ఉదయగిరి కూడా ఒకనాటి ముఖ్యపట్టణమేనని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. విజయనగరం తొలిరోజుల్లో కంపరాయలు ఇక్కడి నుంచి ఏలాడు. వేదాలకు భాష్యం రాసిన సాయణాచార్యులు ఆ కంపరాయలకు, తరవాత అతని కొడుకు సంగమునికి మంత్రిగా ఉన్నారు. కొండ ఎత్తు 3,079 అడుగులు. పాత గెజిటీర్ లెక్క ప్రకారం కోటలు మొత్తం 13. కొండ మీద 8, కింద 5. గజపతులు, రాయలు, గోల్కొండ సుల్తానులు ఒకరి తరవాత ఒకరు వచ్చిన జాడలు గుళ్లు, మసీదు, బురుజుల రూపంలో ఇంకా నిలిచి ఉన్నాయి.

అయినా నెల్లూరు పడమటి వైపు ఇళ్లకు చుట్టాలొస్తే చూపించేవేమిటి? ఆత్మకూరు వాళ్లయితే సోమశిల డ్యాము చూపిస్తారు, ఏఎస్ పేట దర్గాకు తీసుకెళ్తారు. దుర్గం మాత్రం "ఎక్కలేరులే" అని దూరం నుంచి వేలుపెట్టి చూపిస్తారు. ఎక్కినా అక్కడ ఏముందో చెప్పేవాళ్లు కరువు.

లిస్బన్ నడిబొడ్డున కార్మో అనే పాత మఠం ఉంది. 1755 నవంబరు 1న వచ్చిన భూకంపానికి దాని కప్పు కూలింది. మళ్లీ కప్పు వేసే పని మొదలై ఆగిపోయింది. మొండి స్తంభాలు, ఆకాశంలోకి లేచిన కమానులు అలాగే ఉంచేసి మ్యూజియం చేశారు. జనం టికెట్టు కొనుక్కుని వెళ్లి కప్పులేని చోట నిలబడి పైకి చూస్తారు. ఒక పలక మీద నాలుగు వాక్యాలు, కూర్చోవడానికి బల్లలు. ఉదయగిరి రంగనాయకుల గుడి స్తంభాలకు ఇంతకన్నా ఎక్కువేమీ అక్కర్లేదు. ఏది ఎవరు కట్టారో తెలుగులో రాసిన పలకలు, కొండ దారికి గుర్తులు, మధ్యలో రెండుచోట్ల మంచినీళ్లు ఉంటే చాలు, కుర్రకారు వాళ్లంతట వాళ్లే వస్తారు. నవ్వుకుంటూ, ఫోటోలు దిగుతూ వస్తారు. రావాలి కూడా.

వచ్చినవాళ్లు ఊళ్లో చెక్క చెంచాల పని చూడకుండా పోకూడదు. నర్ది, బిక్కి, దేవదారి లాంటి కొండ చెట్ల కర్రతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేస్తారు. రంపంతో కోసి, ఉలితో తొలిచి, ఆకురాయితో అరగదీసి, చివరకు గరుకు కాగితంతో రుద్దుతారు. కాడ మీద తీగ నగిషీ వెంట్రుకంత సందుల్లో తిరుగుతుంది. పొరపాటున ఆకురాయి జారితే ఆ ముక్క పొయ్యిలోకే. గుంటలో వేలు పెట్టి రాస్తే ఉలి దెబ్బ ఎక్కడ పడిందో తెలియదు. ఈ పనికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. బెలెంలో రాతి మోకు ముడి చూసి ఎంత ఆశ్చర్యపోయాడో, కుర్రవాడు ఇంట్లో చిన్నప్పటి నుంచి ఉప్పు తీసుకున్న చెంచా కాడను వీడియో కాల్‌లో దగ్గరగా చూపించమని అమ్మమ్మను అడిగి అంతే ఆశ్చర్యపోయాడు.

"ఇన్నాళ్లూ యాడ చూశావురా దీన్ని?" అని ఆమె నవ్వింది.

ఇప్పుడతను చలికాలం సెలవులకు వచ్చే ఏర్పాట్లలో ఉన్నాడు. లిస్బన్ తిరిగిన స్నేహితులే తోడు. తెల్లవారుజామున ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు పట్టుకోవాలి, ఎండెక్కక ముందే కొండెక్కాలి, మనిషికి రెండు నీళ్ల సీసాలు కింద నుంచే మోసుకోవాలి. మధ్యాహ్నం చెంచాలు చేసేవాళ్ల వీధి. తాత చేత 1514 కథ అక్కడే, బురుజు దగ్గరే చెప్పించాలి. ఆయన కొండెక్కలేకపోతే ఫోన్‌లోనైనా. తిరుగు ప్రయాణంలో చెన్నైలో ఒక రోజు ఆగుతారు. ఉదయగిరి నుంచి హంపీకి వెళ్లిన బాలకృష్ణుడి విగ్రహం ఇప్పుడు ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. విమానం టికెట్లు ఇంకా కొనలేదు గానీ, ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవని మాత్రం అందరికీ మెసేజ్ పెట్టేశాడు.